పని చేసే ఆడవాళ్లు, మహిళా నవలలు, నవ్వు: నల్గొండ, పాలమూరు పాఠకులు తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వనపర్తి, గద్వాల వైపు కథలు చదివేవాళ్లు, కొత్తగా రాద్దామనుకునేవాళ్లు కలిసినప్పుడల్లా కొన్ని ప్రశ్నలు తిరిగి తిరిగి వస్తున్నాయి. వాటిని ఒక్కచోట పెట్టాను. జవాబులు నా అభిప్రాయాలే. ఒప్పుకోనివాళ్లు వాదించండి, వాదన కూడా కావలసిందే.

పాపులర్ మహిళా నవల అని దేన్ని అంటున్నారు?

ఆడవాళ్లు రాసి, ఎక్కువగా ఆడవాళ్లే చదివి, వారపత్రికల్లో సీరియల్‌గా వచ్చి, ఆ తర్వాత అద్దె లైబ్రరీల్లో అట్టలు ఊడేదాకా చేతులు మారిన నవలలను. 1960లు, 70లు వాటికి మంచి రోజులు. ఇప్పుడు ఆ పని ప్రతిలిపి లాంటి యాప్‌లు చేస్తున్నాయి. విడతలు విడతలుగా కథ వస్తుంది, చివర్లో ఒక మలుపు ఉంటుంది, కింద "తర్వాతి భాగం ఎప్పుడు మేడం" అని పాఠకులు అడుగుతుంటారు.

ఈ రచనలను చులకన చేసినవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. పొద్దంతా పని చేసి, వంట చేసి, గిన్నెలు కడిగి, నిద్ర ఆపుకొని మరీ ఒక మనిషి పది పేజీలు చదివిందంటే ఆ పది పేజీల్లో ఏదో ఉన్నట్టే. దాన్ని గౌరవించే ఈ మాటలు మొదలుపెడుతున్నాను.

ఉద్యోగం చేసే హీరోయిన్ మన నవలల్లోకి ఎప్పుడొచ్చింది?

ఆడపిల్లలు చదువుకొని టైపిస్టులుగా, టీచర్లుగా, నర్సులుగా, లెక్చరర్లుగా బయటికొస్తున్న కాలంలోనే. యద్దనపూడి సులోచనారాణి "సెక్రటరీ"కి పేరులోనే ఉద్యోగం ఉంది. అది 1976లో సినిమా కూడా అయింది. రచయిత్రుల్లో కూడా ఉద్యోగస్తులు ఉండేవారు. శంషాబాద్‌లో పుట్టిన మాదిరెడ్డి సులోచన టీచరు. పాలమూరు జిల్లా నుంచి పోల్కంపల్లి శాంతాదేవి విరివిగా నవలలు రాశారు. ఆమె "చండీప్రియ" 1980లో సినిమాగా వచ్చింది. కాబట్టి పాపులర్ నవల మన వైపు పుట్టలేదనే మాట నిజం కాదు.

అయితే ఆ కాలపు నవలల్లో చాలావాటిలో ఉద్యోగం హీరోయిన్ గడప దాటడానికి ఒక దారి, హీరోను కలవడానికి ఒక చోటు. ఆఫీసులో ఆమె చేతులు ఏం చేస్తున్నాయో చెప్పిన పేజీలు తక్కువ. టైపు మిషన్ ఉంటుంది గానీ, రిబ్బన్ ఇరుక్కుంటే వేళ్లకు అంటిన సిరా కనబడదు. ఆ సిరా దగ్గరే నవ్వు పుడుతుందని నా నమ్మకం.

మరి హాస్యం రాసిన ఆడవాళ్లే లేరా?

ఎందుకు లేరు? భానుమతీ రామకృష్ణ "అత్తగారి కథలు" చదవని ఇల్లు ఒకప్పుడు అరుదు. ఒక్క సంగతి మాత్రం నన్ను ఎప్పుడూ ఆలోచింపజేస్తుంది. ఆమె నటి, గాయని, నిర్మాత. 1953లోనే "చండీరాణి"కి దర్శకత్వం వహించిన మనిషి. తెలుగునాట అంత పని చేసిన ఆడవాళ్లను వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. అయినా ఆమె హాస్యానికి అసలు వేదిక ఇల్లు, ఆ ఇంట్లో మడి కట్టుకున్న అత్తగారు. స్టూడియోలో ఆమె చూసినవన్నీ కూడా అలాంటి హాస్యకథలుగా వచ్చి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది. ఇది ఆమె మీద ఫిర్యాదు కాదు. ఆడవాళ్ల హాస్యానికి ఇల్లే సరైన చోటు అని పత్రికలు, పాఠకులు అనుకున్న కాలం అది.

ఆ అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. ఉద్యోగం చేసే ఆమె గురించి హాస్యకథ రాయమంటే ఇప్పటికీ చాలామంది ఆఫీసు వదిలేసి వంటింటికే వెళ్తారు. పప్పు మాడిపోవడం, టిఫిన్ బాక్సులు తారుమారు కావడం, భర్త టీ పెట్టబోయి చెయ్యి కాల్చుకోవడం, ఇవే కదా వస్తున్నవి!

భర్తకు వంట రాకపోవడం మీద జోకులు రాస్తే తప్పేంటి? అందరూ నవ్వుతారు కదా?

నవ్వుతారు. నవ్విన తర్వాత ఏం మిగులుతుందో చూడండి. ఆయనకు చేతకాదు పాపం అని తేల్చేసి, ఆ పని మళ్లీ ఆమెకే అప్పజెప్పి కథ ముగుస్తుంది. ఆ నవ్వు ఆయనకు సెలవు ఇస్తుంది, ఆమెకు ఇవ్వదు. భార్య వారం రోజులు ట్రైనింగుకు హైదరాబాద్ పోతే భర్త బియ్యం కొలత నేర్చుకొని, తిరిగొచ్చిన భార్యకే వంట గురించి ఉపన్యాసాలు ఇవ్వడం మొదలుపెట్టాడనుకోండి. అక్కడ నవ్వుంది, మనిషి మారడమూ ఉంది.

లండన్, న్యూయార్క్ అమ్మాయిల 'చిక్‌లిట్' మనకు పనికొస్తుందా?

కొంత. చిక్‌లిట్ అంటే నగరాల్లో ఉద్యోగం చేసే అమ్మాయిల జీవితాన్ని సరదాగా చెప్పే నవలలు. బ్రిటన్‌లో హెలెన్ ఫీల్డింగ్ రాసిన బ్రిడ్జెట్ జోన్స్ డైరీ 1995లో దినపత్రిక శీర్షికగా మొదలై 1996లో నవలగా వచ్చింది. ఒంటరిగా బతికే ఉద్యోగిని తన బరువు, తన సిగరెట్లు, తన బాసు గురించి తానే రాసుకుంటుంది. తన కథ తానే చెప్పుకోవడం వల్ల నవ్వు పగ్గాలు ఆమె చేతిలోనే ఉంటాయి. మనం నేర్చుకోవలసింది అదే.

మిగతాది ఇక్కడికి అతకదు. ఆ అమ్మాయి జీతం ఆమె ఒక్కదానిదే. మన దగ్గర ఒకటో తారీఖు వచ్చిన జీతం మీద చీటీ పాట, తమ్ముడి ఫీజు, అత్తమ్మ కంటి ఆపరేషన్, సంఘం కిస్తీ ముందే పేర్లు రాసుకొని కూర్చుంటాయి. మన హాస్యం ఆ లెక్కల పుస్తకంలోంచి రావాలి.

మా వైపు 'వర్కింగ్ ఉమన్' అంటే ఎవరిని రాయాలి? ఇక్కడ పెద్ద ఆఫీసులు లేవు కదా?

ఈ ప్రశ్న వినగానే నాకు కొంచెం బాధేస్తుంది. ఉదయం ఏడింటికి నల్గొండ గడియారం చౌరస్తాలోనో, మహబూబ్‌నగర్ బస్టాండులోనో కాసేపు నిలబడండి. దేవరకొండ వైపు పోయే టీచరమ్మ, ఊళ్లకు బయల్దేరిన ఆరోగ్య కార్యకర్త (ఏఎన్ఎం), బట్టల షాపులో నిలబడే అమ్మాయి, కోర్టు గుమస్తా, టిక్కెట్ మిషన్ మెడకు తగిలించుకున్న కండక్టర్, అందరూ పనికి పోతున్నవాళ్లే. ఊళ్లలోకి పోతే పత్తి ఏరేవాళ్లు, వరి నాట్లు వేసేవాళ్లు, అంగన్‌వాడీ టీచర్లు, ఆశా కార్యకర్తలు ఉన్నారు. ఆశా కార్యకర్త ఊరందరి బీపీ, షుగర్, కాన్పుల సంగతి చూస్తుంది. ఇంత చేసినా ఆమెకు వచ్చేదాన్ని జీతం అనరు, పారితోషికం అంటారు. ఊరంతటి గుట్టు తెలిసిన ఆ మనిషిని హీరోయిన్ చేస్తే నవలకు సరుకు వెతుక్కోవలసిన పనే లేదు.

పోచంపల్లి వైపు రండి. పట్టుచీర నేయడానికి ముందు ఆసు పోయాలి. దారాన్ని కొయ్యమేకుల చుట్టూ వేలసార్లు చేత్తో తిప్పాలి. అది ఎక్కువగా ఆడవాళ్ల పని. భుజాలు పడిపోతాయి. ఆలేరు ప్రాంతంలో చింతకింది మల్లేశం తన తల్లి ఆ బాధ పడటం చూసి ఆసు యంత్రం తయారుచేశారు, దానికి ఆమె పేరే పెట్టారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. కొడుకు కథ అందరికీ తెలిసింది, తెలియాలి కూడా. ఆసు పోస్తూ పక్కింటి ఆమెతో ఆ తల్లులు ఏం మాట్లాడుకునేవారో, దేనికి పడీపడీ నవ్వేవారో మాత్రం ఎవరైనా రాయగా నేను చూడలేదు. గద్వాల, నారాయణపేట మగ్గాల ఇళ్లలోనూ అంతే. చీరల గురించి బోలెడంత రాశారు, కండెలు చుట్టిన చేతుల గురించి రాసింది తక్కువ.

ఇక పాలమూరు లేబర్. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని ముంబై, పుణె వైపు పోయి దేశంలో కట్టిన డ్యాములకు, కాలువలకు, రోడ్లకు మట్టి మోసినవాళ్లలో ఆడవాళ్లు ఎంతోమంది. తట్ట మోసిన మనిషి పాపులర్ నవలకు హీరోయిన్ ఎందుకు కాకూడదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కష్టంలో ఉన్నవాళ్ల గురించి హాస్యం రాయడం అన్యాయం కాదా?

ఎవరి మీద నవ్వుతున్నామన్నదే ఇక్కడ తేల్చుకోవలసింది. వలస పోయిన ఇంటి తాళం మీద, ఫ్లోరైడ్‌తో వంగిపోయిన కాళ్ల మీద జోకు రాస్తే అది క్రూరత్వం. మర్రిగూడ, మునుగోడు వైపు పుట్టినవాళ్లకు ఈ మాట వివరించి చెప్పనక్కర్లేదు. కానీ కష్టపడేవాళ్లు నవ్వరని అనుకోవడం కూడా వాళ్లను తక్కువ చేయడమే.

నాటు వేసే మడి దగ్గరికి పోండి. పది, పదిహేను మంది గుత్తకు పట్టి వరుసగా వంగి ఉంటారు. ఆసామి గట్టు మీద గొడుగు పట్టుకొని "జల్ది జల్ది" అంటుంటాడు. వరుసలోంచి ఒకామె తల ఎత్తకుండానే అంటుంది: "పటేలా, నువ్వు గూడ దిగరాదు, ఇంకింత జల్ది అయితది." అందరూ ఒక్కసారిగా నవ్వుతారు. ఆయన కోపం తెచ్చుకోలేడు, ఎందుకంటే మాట మర్యాదగానే ఉంది. దిగలేడు, ఎందుకంటే పంచె తడుస్తుంది. కాసేపటికి ఏదో పని గుర్తొచ్చినట్టు అక్కణ్ణుంచి జారుకుంటాడు. నడుము నొప్పి ఎక్కడికీ పోలేదు, కూలీ పెరగలేదు. అయినా ఆ పూట గట్టు మీద మనిషి లేకుండా పని చేసుకున్నారు. నేను చెప్పే హాస్యం ఇదే. ఆమె కష్టాన్ని చిన్నది చేయలేదు, ఆమెను పెద్దది చేసింది.

పని చేసే చోటునే హాస్యంగా ఎలా మలచాలి? ఒక ఉదాహరణ ఇవ్వండి.

ఐకేపీ (ఇందిరా క్రాంతి పథం) వడ్ల కొనుగోలు కేంద్రం తీసుకుందాం. యాసంగి కోతలయ్యాక మన ఊళ్లన్నింటా కనిపించేదే. మహిళా సంఘం వాళ్లు నడుపుతారు. వడ్లలో తేమ 17 శాతం లోపు ఉండాలి. అందుకే చేతిలో పట్టే చిన్న మాయిశ్చర్ మిషన్ ఉన్న మనిషికి అక్కడ తహసీల్దారుకున్నంత ప్రాముఖ్యం ఉంటుంది. ఆ మిషన్ పట్టుకున్నది నిన్నటిదాకా ఊళ్లో ఎవరూ లెక్కచేయని ఒక కోడలు. నవల ఇక్కడే మొదలుపెట్టొచ్చు.

ఊళ్లో పలుకుబడి ఉన్న ఒకాయన, ఆమెకు వరసకు మామ అవుతాడు, కుప్ప పోసి వచ్చాడనుకోండి. ఆమె కుప్ప పైనుంచి కాదు, మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగునుంచి పిడికెడు తీసింది. మిషన్‌లో పోసింది. 20 చూపించింది.

"పొద్దుగాల నేను సూస్తే 16 ఉండె గదనే."

"పొద్దుగాల మీది వడ్లు సూసినవ్ మామా. ఇవి అడుగుయి."

"నీ బిడ్డ పెండ్లికి ట్రాక్టర్ పంపింది యాదికున్నదా?"

"ఉన్నది మామా. డీజిల్ పైసలు తీస్కున్నది గూడ యాదికున్నది. ఇంకో రెండు దినాలు ఎండబోయ్, నేనే కాంట పెట్టిస్త."

హమాలీలు మొహం పక్కకు తిప్పుకొని నవ్వుతారు. ఆయన తిట్టుకుంటూ పరదా లాగుతాడు. ఇక్కడ ఒక్క మాట కూడా జోకు కోసం అన్నది కాదు. ఆమెకు పని తెలుసు, లెక్క తెలుసు, చుట్టరికం కూడా తెలుసు. ఆ మూడూ ఒకచోట తగులుకున్నప్పుడు నవ్వు పుట్టింది.

దీన్ని ఇంకా లాగొచ్చు. ఆ సాయంత్రం మబ్బు పట్టి వాన పడుతుంది. అదే మామ పరదాలు చాలక పరుగెత్తుకొస్తే సెంటర్ పరదాలు తెచ్చి కప్పించేది ఆమే. లారీ రాదు. మిల్లులో తరుగు పేరు చెప్పి కోత పెడతారు, రైతులు వచ్చి ఆమెను నిలదీస్తారు. సెంటర్‌లో ఉన్న ఒక్కగానొక్క కుర్చీలో చూడటానికి వచ్చిన పెద్దమనిషి కూర్చుంటే, ట్రక్ షీట్లు ఆమె నిలబడి రాస్తుంది. నవ్వు, కోపం, అలసట పక్కపక్కనే ఉండనివ్వండి. పేజీపేజీకి నవ్వించాలన్న టెన్షన్ పెట్టుకోవద్దు.

తెలంగాణ యాసలో రాస్తే అదే కామెడీ అనుకుంటారేమో?

అనుకుంటారు, ఎందుకంటే సినిమాలు ఎన్నో ఏళ్లు అలాగే నేర్పాయి. హీరోహీరోయిన్లు పుస్తకాల భాష, పనిమనిషీ రౌడీ మన యాస. నవలల్లో కూడా ఈ జబ్బు ఉంది. మందు ఒక్కటే. యాసను ఒక్క పాత్రకే అంటగట్టకండి. డాక్టరమ్మ ఫోన్‌లో వాళ్ల అమ్మతో మాట్లాడేటప్పుడు, జడ్జి మేడం ఇంట్లో చిన్నమ్మతో మాట్లాడేటప్పుడు కూడా అదే యాస వినబడాలి. అప్పుడు పాఠకులు మాట తీరును చూసి నవ్వరు, మాటలో ఉన్న తెలివికి నవ్వుతారు.

ఇంకో సంగతి. మన యాస అంతా ఒకటే కాదు. కోదాడ, హుజూర్‌నగర్ వైపు మాట కృష్ణా, గుంటూరు జిల్లాలకు దగ్గరగా ఉంటుంది. అలంపూర్, గద్వాలలో కర్నూలు గాలి, కన్నడం కలుస్తాయి. నారాయణపేటలో కన్నడం, మరాఠీ వినబడతాయి. నల్గొండ అమ్మాయికి మక్తల్ స్కూల్లో పోస్టింగు వస్తే మొదటి నెల ఆమె పిల్లలకు చెప్పేదానికన్నా పిల్లలు ఆమెకు చెప్పేదే ఎక్కువ. అక్కడ టీచరే విద్యార్థి అవుతుంది. ఎవరినీ కించపరచని హాస్యం అది.

ఫ్రీ బస్సు మీద ఎన్నో జోకులు వచ్చాయి. దాన్ని కథలో వాడొచ్చా?

2023 డిసెంబర్ 9న ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం మొదలైన దగ్గర్నుంచీ సీట్ల కోసం కొట్లాడుకునే ఆడవాళ్ల వీడియోలు ఫోన్లలో తిరుగుతూనే ఉన్నాయి. ఆ జోకుల్లో నాకు నచ్చినది ఒక్కటీ లేదు. అన్నీ కిటికీ బయట నిలబడి తీసినవే.

కండక్టర్ వైపు నుంచి రాయండి. పల్లెవెలుగు బస్సులో కిక్కిరిసిన జనంలో ఒక్కొక్కరి ఆధార్ కార్డు చూసి జీరో టికెట్ కొట్టాలి. ఎవరి కార్డు మీది ఫొటో వాళ్లలాగా ఉండదు. ఒక పెద్దమ్మ "టికెట్ పైసలియ్యకుంటే నాకు బస్సెక్కినట్టే అనిపిస్తలేదు బిడ్డా" అని చిల్లర చేతిలో పెట్టబోతుంది. అదే బస్సులో పత్తి చేను పనికి పక్క మండలం దాకా పోగలిగినవాళ్లుంటారు. ఇన్నాళ్లూ చార్జీలకే కూలి సగం పోతుందని వాళ్లు ఆ పని మానుకున్నారు. లోపల కూర్చొని రాస్తే ఇవన్నీ కనబడతాయి.

పొలం పనుల్లో ఆడవాళ్ల సరసాలు కొంచెం మోటుగా ఉంటాయి. రాయాలా, వద్దా?

రాయండి. వదినా మరదళ్లు, మేనత్తా కోడళ్లు అనుకునే మాటలకు వరస అనే కట్టు ఉంది. ఎవరు ఎవరిని ఏమనొచ్చో అందరికీ తెలుసు. ఆ వరస చెప్పకుండా మాట ఒక్కటే తీసుకొస్తే బూతు అవుతుంది. వరసతో సహా తెస్తే మనుషుల మధ్య ఉన్న చనువు కనబడుతుంది. మగవాళ్లు వస్తే ఆగిపోయే మాటలు కొన్ని ఉంటాయి. ఆ ఆగిపోవడం కూడా రాయండి.

కథ పెళ్లితోనే ముగియాలా?

అక్కర్లేదు. పెళ్లితో ముగిసినా తప్పు లేదు, పాఠకులకు ఇష్టమే. పెళ్లయ్యాక ఆమె ఉద్యోగం ఏమైందో మాత్రం చెప్పి ముగించండి.

ఎక్కడ పంపాలి?

ఆదివారం అనుబంధాలు, మాసపత్రికలు, వెబ్ పత్రికలు కథలు తీసుకుంటున్నాయి. సీరియల్ రాయగలిగే ఓపిక ఉంటే యాప్‌లు ఉన్నాయి. పంపేముందు ఆ పని చేసే ఒకామెకు చదివి వినిపించండి. ఏఎన్ఎం గురించి రాస్తే ఏఎన్ఎంకే. "గిట్ల రాసే రిజిస్టర్ మా దగ్గర లేదమ్మా" అని ఆమె ఒక్క మాట అంటే మీ కథకు ఎంతో మేలు.

మా ఊరి మనుషుల గురించే రాస్తే గుర్తుపడతారేమో. పేర్లు మారిస్తే చాలా?

చాలదు. ఊళ్లో ఒక్కటే అంగన్‌వాడీ ఉంటుంది, ఒక్కతే ఆశా కార్యకర్త ఉంటుంది. పేరు సుజాత అని మార్చినా మరుసటి రోజే ఎవరో తెలిసిపోతుంది. ఆమె రోజూ తిరగాల్సింది ఆ ఇళ్ల ముందే. అందుకే ఇద్దరు ముగ్గురు మనుషులను కలిపి ఒక పాత్ర చేయండి, ఊరు మార్చండి, మండలం మార్చండి, ఇంటి సంగతి ఒకరిది, ఉద్యోగం సంగతి ఇంకొకరిది తీసుకోండి. ఎవరైనా నమ్మి చెప్పిన ముచ్చట అయితే ముందు అడగండి. "రాస్తే రాయి గానీ మా అత్త చదవకుండ చూడు" అన్నారంటే, ఆ ముచ్చట పక్కన పెట్టి ఇంకోటి వెతుక్కోండి. అత్త చదువుతుంది.